వరద తీసిపోయినంక పట్నంలో అత్యవసర ఉత్తర్వులు ఎప్పుడు ఎత్తేయాలి? ఎవరు ఎత్తేయాలి?

పెద్దచెరువు_గట్టు

గట్టి వాన పడ్డదంటే మహబూబ్‌నగర్‌లో రామయ్యబౌలి, శివశక్తినగర్, బీకే రెడ్డి కాలనీల వాళ్లకు నిద్ర ఉండదు. పెద్దచెరువు అలుగు దుంకంగానే ఉత్తర్వులు వరుసగ వస్తయి. బడులు బంద్, కాజ్‌వేల మీద రాకపోకలు బంద్, సిబ్బందికి సెలవులు రద్దు, ఫంక్షన్ హాల్లో పునరావాస కేంద్రం, ప్రైవేటు జేసీబీలు, ట్రాక్టర్లు స్వాధీనం. మొదలుపెట్టేటప్పుడు ప్రతిదానికీ కాగితం ఉంటది. ముగించేటప్పుడు మాత్రం ఒక్కొక్కటి దానంతట అదే సల్లారిపోతది. కేంద్రం ఎప్పుడు మూసిండ్రో తెల్వదు, నీళ్లు కాచి తాగాలన్న మాట ఇంకా ఉన్నదో లేదో తెల్వదు, జేసీబీ ఓనరుకు ఎన్నిరోజుల కిరాయి లెక్కో తెల్వదు.

పనిలో ఉన్నవాళ్లు, పని తెలిసినవాళ్లు చెప్పండి. ముగింపు అనేది ఎట్ల ఉండాలి? ఏమేం చూసి సంతకం పెట్టాలి?

తుంగభద్ర_తీరం

అన్నా, ముందు చట్టం సంగతి. మన దగ్గర పట్నం తనంతట తాను ఎమర్జెన్సీ ప్రకటించి, మళ్లీ తానే ఎత్తేసే ఒకే ఒక్క స్విచ్చు లేదు. వేర్వేరు ఉత్తర్వులు ఒకేసారి నడుస్తుంటాయి, ఒక్కోదాని ముగింపు ఒక్కో తీరు.

2005 విపత్తు నిర్వహణ చట్టం సెక్షన్ 34 కింద జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ, అంటే కలెక్టర్ అధ్యక్షతన ఉండేది, రాకపోకలు ఆపొచ్చు, శిథిలాలు తీయించొచ్చు, ఆశ్రయం, తిండి ఏర్పాటు చేయించొచ్చు. ఈ ఉత్తర్వులకు తేదీ రాయకపోతే రద్దు కాగితం వచ్చేదాకా అవి బతికే ఉంటాయి. వాగు దగ్గర జనం గుమిగూడొద్దని ఇచ్చేది బీఎన్ఎస్ఎస్ (కొత్త నేర విచారణ చట్టం) సెక్షన్ 163, పాత సీఆర్‌పీసీలో 144. అది రెండు నెలలు దాటి నిలవదు, ప్రభుత్వం పొడిగిస్తే తప్ప. బండ్లు, భవనాలు స్వాధీనం చేసుకునేది మళ్లీ విపత్తు చట్టంలోనే సెక్షన్ 65, దాని పరిహారం సెక్షన్ 66. టెండర్ లేకుండా సామాన్లు కొనేది సెక్షన్ 50.

కాబట్టి "అత్యవసరం ముగిసింది" అని ఒక్క వాక్యం రాస్తే చాలదు. ఫలానా తేదీ, ఫలానా నంబరు ఉత్తర్వు ఈ గంట నుంచి రద్దు, ఫలానాది ఇంకా నడుస్తుంది అని ఒక్కొక్కటీ పేరుపెట్టి రాయాలి. లేకపోతే కాజ్‌వే దగ్గర కానిస్టేబుల్ ఒక మాట, బల్దియా సిబ్బంది ఒక మాట చెప్తారు.

వార్డు_9

రెడ్ అలర్ట్ తీసేసిండ్రంటే అయిపోయినట్టే కదా సార్?

మూసీ_గేటు

కాదు తమ్మీ. ఇది తేల్చుకోకపోతే ప్రాణాలు పోతయి. వాతావరణ శాఖ రంగు ఆకాశం గురించి: 24 గంటల్లో 204.4 మిల్లీమీటర్లు దాటితే అత్యంత భారీ వాన, 115.6 నుంచి 204.4 దాకా అతి భారీ, 64.5 నుంచి భారీ. ఆ రంగు పోయిందంటే కొత్త వాన భయం తగ్గిందని అర్థం. ఇప్పటికే పడ్డ నీళ్లు ఎక్కడున్నయో అది చెప్పదు.

మన గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండేది ఎండ కొట్టినంక. హైదరాబాద్‌లో, వికారాబాద్ వైపు వాన పడితే కేతేపల్లి దగ్గర మూసీ ప్రాజెక్టుకు వరద ఆలస్యంగ తగుల్తది. నల్లగొండల ఆకాశం నీలంగ ఉంటది, గేట్లు ఎత్తే ఉంటయి. పూర్తి మట్టం 645 అడుగులు. గేట్లు దించి, వచ్చే నీళ్లు పోయే నీళ్లు సమానం అయ్యేదాకా కింది ఊర్ల హెచ్చరిక తీయొద్దు. 2019 అక్టోబరులో ఇదే ప్రాజెక్టుది ఒక రెగ్యులేటర్ గేటే కొట్టుకపోయింది.

2009 అక్టోబరు 2 గుర్తుపెట్టుకోండి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చింది. డ్యామ్ కట్టిన లెక్క 19 లక్షలు. ఆలంపూర్ వైపు ముంచింది అక్కడ పడ్డ వాన ఒక్కటే కాదు, తుంగభద్ర పైనుంచి మోసుకొచ్చిన నీళ్లు. స్థానిక వాన గేజీ చూసి అక్కడ "అయిపోయింది" అనుకునే వీలే లేదు.

పట్నానికి నేను చూడమనేది ఇవి: పైన ఉన్న ప్రతి చెరువు అలుగు ఎత్తు తగ్గుముఖంలో ఉండాలి. కట్టల వెనక ఊట మురికిగ కాకుండ తేటగ ఉండాలి. మురికి ఊట అంటే లోపల మట్టి కొట్టుకపోతున్నదని గుర్తు, కట్ట పైకి ఎంత బాగున్నా నమ్మొద్దు. నీళ్లు దిగేటప్పుడు కూడా కట్ట లోపలి వాలు జారుతది, తడిసిన మట్టికి ఆనుకొని ఉన్న నీళ్ల బలం పోతది కాబట్టి. అందుకే నీళ్లు దిగినంక కూడా కట్ట మీద మనిషిని ఉంచాలె.

నీళ్ల_ల్యాబ్

నీళ్ల గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే పట్నంలో రెండో విడత జబ్బుల్లో చాలావరకు ఇక్కడి నుంచే.

మునిగిన సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకు ముందు ఖాళీ చేసి, అడుగు ఒండ్రు తీసి, గోడలు రుద్ది కడగాలి. తరువాత నిండా నీళ్లు పట్టి లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ వచ్చేట్టు కలపాలి. 25 శాతం బలం ఉన్న బ్లీచింగ్ పౌడర్ అయితే వెయ్యి లీటర్లకు 200 గ్రాములు. 5 వేల లీటర్ల సంపుకు కిలో, లక్ష లీటర్ల ట్యాంకుకు 20 కిలోలు. పొడిని నేరుగా పోయొద్దు. బక్కెట్లో చిక్కగా కలిపి, సున్నం అడుగుకు దిగినాక పైన తేటను మాత్రమే పోయాలి. 12 నుంచి 24 గంటలు ఉంచి మొత్తం పారబోయాలి. ఆ నీళ్లు తాగడానికి ఇవ్వొద్దు, చెరువులోకి వదలొద్దు, చేపలు చస్తాయి.

తప్పు జరిగేది ఎక్కడంటే బస్తా మీద 33 శాతం అని రాసి ఉంటుంది, స్టోర్‌లో తడిగాలికి నెలల తరబడి పడి ఉన్నది అందులో సగం కూడా ఉండకపోవచ్చు. మూత విప్పితే ఘాటు రాకపోయినా, పొడి ముద్దలు కట్టినా దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

తరువాత పైపులు. మనది రోజంతా వచ్చే సరఫరా కాదు. నల్లా బంద్ చేసినప్పుడు లైన్‌లో పీడనం పడిపోయి, కీళ్ల దగ్గర సందు ఉంటే బయటి నీళ్లను లోపలికి గుంజుకుంటుంది. గల్లీల్లో ఇంటి కనెక్షన్ పైపు మోరీ అడుగునుంచే పోతుంది. మోరీ నిండి ఉన్న రోజుల్లో అదే పైపు మోరీ నీళ్లను తాగుతుంది. ట్యాంకు దగ్గర క్లోరిన్ బాగా చూపించి, చివరి ఇంట్లో సున్నా వస్తే దాదాపు ఇదే కారణం. అందుకే పరీక్ష ట్యాంకు కింద కాదు, లైన్ కొసన చెయ్యాలి. మామూలు రోజుల్లో కొసన లీటరుకు 0.2 మిల్లీగ్రాములు చాలు. వరద తరువాత 0.5 కావాలి. దానితోపాటు హెచ్‌టూఎస్ సీసాలో (నీళ్లలో మలం కలిసిందా చూసే పరీక్ష సీసా) నమూనా పట్టి ఉంచండి. 24 నుంచి 48 గంటల్లో నల్లబడితే మలం కలిసినట్టు. వరుసగా రెండు రోజులు కొస ఇళ్ల సీసాలు నల్లబడకుండా ఉన్నాకే "కాచి తాగండి" అన్న సూచన తీయాలని నా గట్టి అభిప్రాయం.

నల్లగొండ వాళ్లకు ఇంకో మాట. మిషన్ భగీరథ (ఇంటింటి నల్లా పథకం) నీళ్లు ఆగిన రోజుల్లో పాత బోర్లు మళ్లీ విప్పుతారు. బ్లీచింగ్ వేస్తే సూక్ష్మజీవులు చస్తాయి, ఫ్లోరైడ్ మాత్రం అలాగే ఉంటుంది. కాచితే నీళ్లు తగ్గి ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన బోర్లకు ఎర్రరంగు వేసి ఉంటే వాటిని వాడుకకే, తాగడానికి ట్యాంకర్ నీళ్లే. ముగింపు ఉత్తర్వులో "తాత్కాలికంగా తెరిచిన ఫలానా బోర్లు మూసివేయాలి" అని ఒక వరుస తప్పక ఉండాలి. లేకపోతే అత్యవసరం పోతుంది, బోరు మాత్రం నడుస్తూనే ఉంటుంది.

లైన్_క్లియర్

కరెంటు వైపు నుంచి. ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వచ్చే పెద్ద లైన్) చార్జ్ అయ్యిందంటే కాలనీ మొత్తానికి ఇచ్చేయొచ్చని కాదు. మీటర్ పెట్టె దాకా మునిగిన ఇళ్లను సర్వీసు దగ్గర విడగొట్టి, మిగతా వాళ్లకు ఇవ్వాలి. మునిగిన ఇంట్లో 500 వోల్టుల మెగ్గర్‌తో (వైర్ల ఇన్సులేషన్ కొలిచే మీటరు) చూసినప్పుడు ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య కనీసం ఒక మెగాఓమ్ రావాలి. రాకపోతే స్విచ్ బోర్డులు విప్పి ఆరబెట్టి మళ్లీ చూడాలి. మునిగిన ఎంసీబీలు, ఆర్‌సీసీబీలు (ప్రమాదం వస్తే కరెంటు తెంచే స్విచ్చులు) ఆరబెట్టి వాడొద్దు, మార్చాలి. లోపల ఒండ్రు పట్టి, పడాల్సిన వేళ పడవు.

ఛేంజోవర్ స్విచ్ (లైన్ కరెంటు, జనరేటర్ కరెంటు కలవకుండా చూసేది) లేకుండా జనరేటర్‌ను ఇంటి బోర్డుకు కలిపితే కరెంటు వెనక్కి లైన్‌లోకి ఎక్కుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఆ కొద్ది వోల్టేజీని 11 కేవీ చేసి స్తంభం మీద ఉన్న మనిషికి తగిలిస్తుంది. ఫంక్షన్ హాళ్లు, దవాఖానల జనరేటర్లను ముందు చూడండి. ప్లింత్ (దిమ్మె) మునిగిన ట్రాన్స్‌ఫార్మర్‌కు నూనె పరీక్ష కాకుండా చార్జ్ ఇవ్వొద్దు.

ఎంబీ_పేజీ

పనుల లెక్క గురించి ఎవరూ రాయలేదు, ముగింపు తేదీతో అసలు పేచీ అక్కడే.

సెక్షన్ 50 కింద జిల్లా సంస్థ అనుమతిస్తే టెండర్ పద్ధతి మాఫీ అయినట్టే. అధీకృత అధికారి ఇచ్చే వినియోగ ధ్రువపత్రమే వోచర్ కింద చెల్లుతుంది. కానీ అది కాపాడే పనికి, సాయం పనికి మాత్రమే. కట్ట తెగితే ఇసుక బస్తాలతో రింగ్ బండ్ (గండి చుట్టూ తాత్కాలిక కట్ట) వేసి నీళ్లు ఆపడం అత్యవసరం. అదే గండిని పక్కాగా పూడ్చి రివిట్‌మెంట్ (రాతి పరుపు) పరచడం శాశ్వత పని, దానికి అంచనా, టెండర్ అన్నీ కావాలి. ముగింపు తేదీ రాయకపోతే నెల దాటినాక వేసిన పని కూడా అత్యవసరం ఖాతాలోకి జారుతుంది, ఆడిట్‌లో అభ్యంతరం వస్తుంది, నిజంగా రాత్రంతా బస్తాలు మోసిన మేస్త్రీ బిల్లు కూడా దానితోపాటే ఆగిపోతుంది.

కాబట్టి ముగించే రోజున పని ఎక్కడిదాకా అయిందో కొలతలు తీసి ఎంబీలో (కొలతల పుస్తకం) ఎక్కించాలి. బస్తాల సంఖ్య, మట్టి ట్రిప్పులు, పని ముందూ తరువాతా లెవెల్స్, తేదీ కనిపించే ఫొటోలు. జేసీబీకి లాగ్ పుస్తకంలో వచ్చిన గంట, వదిలిన గంట, డీజిల్, పనిచేసిన చోటు, ఇద్దరి సంతకాలు. విడుదల కాగితం ఓనరు చేతికి ఇవ్వాలి, అదే అతని కిరాయి లెక్కకు ఆధారం. పరిహారం తక్కువ అనిపిస్తే సెక్షన్ 66 ప్రకారం 30 రోజుల్లో మధ్యవర్తికి పంపమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. తేదీ ఉన్న కాగితమే లేకపోతే ఆ 30 రోజులు ఎక్కడినుంచి లెక్కబెట్టాలి?

బస్తాల సంగతి కూడా: మూడింట రెండు వంతులే నింపండి. నిండా కుక్కితే ఒకదానికొకటి అతుక్కోవు, సందుల్లోంచి నీళ్లు కోస్తాయి. మూతి మడిచి కింద పెట్టి, గోడ ఇటుకల్లాగా కీలు మీద కీలు రాకుండా పేర్చి తొక్కాలి. శాశ్వత పూడిక అయితే ఆరంగుళాల పొరలుగా, తగినంత తేమతో రోలర్ తొక్కించాలి. గండికి రెండు పక్కలా పాత మట్టిని మెట్లుగా కోసి కొత్త మట్టిని అందులోకి కలపాలి. నిలువుగా ఉన్న పాత అంచుకు కొత్త మట్టి ఆనించి వదిలేస్తే వచ్చే వానకు అదే గీత వెంట మళ్లీ తెగుతుంది. 2024 సెప్టెంబరు తొలి రోజుల్లో సాగర్ ఎడమ కాలువకు నడిగూడెం మండలం కాగితరామచంద్రాపురం దగ్గర పడ్డ గండి లాంటివి పూడ్చేటప్పుడు చూడాల్సింది ముఖ్యంగా ఈ అతుకునే.

కోదాడ_65

నష్టం రాసుకునేది పూర్తికాకముందే ముగింపు ప్రకటిస్తే సాయం పోతుందా? కోదాడలో 2024లో చాలామంది ఇదే అడిగారు.

తుంగభద్ర_తీరం

పోదు. సాయం నష్టానికి ముడిపడి ఉంటుంది, ఉత్తర్వు నడుస్తుందా లేదా అన్నదానికి కాదు. కానీ ఆధారం పోతుంది. ఇల్లు కడుక్కుంటే గోడ మీద నీటి గీత పోతుంది. కడగక ముందే మనిషిని పక్కన నిలబెట్టి ఆ గీతను ఫొటో తీయండి, ఇంటి నంబరు కనబడాలి.

ఎస్‌డీఆర్‌ఎఫ్ (రాష్ట్ర విపత్తు స్పందన నిధి) కింద 2022-23 నుంచి 2025-26 దాకా కేంద్రం పెట్టిన లెక్కలు ఇవి. మరణానికి 4 లక్షలు (2024 వరదలప్పుడు రాష్ట్రం దీన్ని 5 లక్షలు చేసింది). ఇల్లు పూర్తిగా కూలితే మైదాన ప్రాంతంలో 1.20 లక్షలు. కనీసం 15 శాతం దెబ్బతింటే పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. గుడిసెకు 8,000. ఇల్లు కొట్టుకుపోయినా, కూలినా, బాగా మునిగినా కుటుంబానికి బట్టలకు 2,500, సామాన్లకు 2,500. పాడి బర్రె, ఆవుకు 37,500, గొర్రె, మేకకు 4,000, ఎద్దుకు 32,000. పంట 33 శాతం, ఆపైన పోతే హెక్టారుకు వర్షాధారానికి 8,500, నీటి వసతి ఉంటే 17,000. పొలంలో మూడంగుళాలు దాటి ఒండ్రు మేట వేస్తే తీయడానికి హెక్టారుకు 18,000.

పట్నంలో పేచీ రెండుచోట్ల వస్తుంది. ఒకటి కిరాయిదారు. గోడ నష్టం ఓనరుది. బట్టలు, సామాన్ల డబ్బు ఆ ఇంట్లో ఉంటున్న కుటుంబానిది. సర్వే కాగితంలో రెండు పేర్లకూ వేర్వేరు గడులు ఉండాలి, రెండు ఖాతా నంబర్లు తీసుకోవాలి. రెండోది చెరువు ఎఫ్‌టీఎల్‌లో (నిండు మట్టం హద్దు) ఉన్న ఇళ్లు. ఇంటి నష్టం సాయానికి అనుమతి ఉన్న కట్టడం అని ధ్రువీకరణ అడుగుతారు. బట్టలు, సామాన్ల సాయానికి ఆ షరతు లేదు. "నీది శికం (చెరువు గర్భం) భూమి, నీకేమీ రాదు" అని గడప దగ్గరే తిప్పి పంపడం అన్యాయం, నిబంధనకు విరుద్ధం కూడా. అబద్ధపు నష్టం రాయించుకుంటే మాత్రం సెక్షన్ 52, రెండేళ్ల దాకా జైలు.

చనిపోయినవారి విషయంలో ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్ట్‌మార్టం మూడూ కావాలి. దుఃఖంలో పోస్ట్‌మార్టం వద్దని తీసుకెళ్తారు, తరువాత కుటుంబం ఏళ్లతరబడి తిరుగుతుంది. ఆ గంటలో పక్కన ఉన్నవాళ్లే నచ్చజెప్పాలి.

పానగల్లు_ప్రవాసి

పోల్చుకోవడానికి కాలిఫోర్నియా పద్ధతి చెప్తాను, అక్కడ పట్నానికే ఆ అధికారం ఉంటుంది. గవర్నమెంట్ కోడ్ 8630 ప్రకారం అధికారి ప్రకటించిన లోకల్ ఎమర్జెన్సీని నగర పాలకమండలి 7 రోజుల్లో ఆమోదించకపోతే అది పోతుంది. ఆ తరువాత కనీసం 60 రోజులకోసారి ఇంకా అవసరమా అని సమీక్షించాలి. పరిస్థితి అనుకూలించిన తొలి రోజే ముగింపు ప్రకటించాలని చట్టంలోనే ఉంది. ముగింపు తీర్మానంలో ఏ పనులు మిగిలాయి, వాటిని ఏ మామూలు శాఖ చూస్తుంది అన్నది కూడా చేరిస్తే జనానికి తికమక ఉండదు. ఫెడరల్ సాయం గడువులు దీనితో సంబంధం లేకుండా నడుస్తాయి: అత్యవసర పనులకు విపత్తు ప్రకటించిన రోజు నుంచి 6 నెలలు, శాశ్వత పనులకు 18 నెలలు. నగరం తన ఎమర్జెన్సీ ఎత్తేసినంత మాత్రాన ఆ డబ్బు ఆగదు.

మనం తీసుకోదగినది ఆ సమీక్ష తేదీ. ప్రతి ఉత్తర్వు కింద "ఈ ఉత్తర్వు ఏడో రోజున సమీక్షకు వస్తుంది" అని ఒక్క వరుస రాస్తే చాలు.

వార్డు_9

పునరావాస కేంద్రం మూసేటప్పుడు ఏం చూడాలె? బడిలో పెడితే టీచర్లు తొందర పెడ్తరు, పిల్లల చదువు పోతున్నదని. వాళ్లదీ న్యాయమే.

పెబ్బేరు_హెల్త్

అన్నా, అందర్నీ ఒకేరోజు పంపొద్దు. ఇల్లు నిలబడి ఉందా, కరెంటు వచ్చిందా, నీళ్లు, మరుగుదొడ్డి పనిచేస్తున్నాయా అని కుటుంబం వారీగా రాసుకొని, ఈ నాలుగూ ఉన్నవాళ్లను పంపాలి. ఇల్లు కూలినవాళ్లు మిగుల్తారు. వాళ్లను బడినుంచి కమ్యూనిటీ హాల్‌కు మార్చి, బడిని ఇచ్చేయొచ్చు. మట్టిగోడల ఇళ్లు ఎండకు ఆరేటప్పుడు కూలతాయి, నీళ్లు దిగిన మూడో నాలుగో రోజున. గోడ అడుగున మట్టి మెత్తగా వేలికి దిగుతుంటే ఆ ఇంట్లో రాత్రి పడుకోనివ్వొద్దు. కేంద్రంలో లేని, బతుకుదెరువు దెబ్బతిన్న కుటుంబాలకు రోజుకు పెద్దవాళ్లకు 60, పిల్లలకు 45 రూపాయల సాయం పైన చెప్పిన ఎస్‌డీఆర్‌ఎఫ్ నిబంధనల్లోనే ఉంది, పంపేటప్పుడు ఆ జాబితా కూడా సిద్ధం చేయండి.

బడి అప్పజెప్పే ముందు 33 శాతం బ్లీచింగ్ లీటరుకు 30 గ్రాములు కలిపిన నీళ్లతో నేల, మరుగుదొడ్లు కడగాలి. యాసిడ్‌తో కలపొద్దు, విషవాయువు వస్తుంది.

ఆరోగ్య నిఘా మాత్రం ముగింపుతో ఆగకూడదు. దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం నుంచి పది రోజులు. అందుకని డెంగీ కేసులు ఊరంతా ఆరినాక, రెండు మూడు వారాలకు మొదలవుతాయి. ఎలుక జ్వరం మామూలుగా 5 నుంచి 14 రోజులకు బయటపడుతుంది, మోరీలు తీసిన పారిశుధ్య కార్మికులకు ముందు. వాళ్లకు డాక్సీసైక్లిన్ ఇవ్వాలా అన్నది డాక్టర్‌ను ముందే అడిగి పెట్టుకోండి. నిలిచిన నీళ్లకు టెమీఫాస్ (దోమ లార్వా మందు) 10 లీటర్లకు రెండున్నర మిల్లీలీటర్లు కలిపి కొట్టాలి. ఉత్తర్వు ఎత్తేసినా ఇంటింటి జ్వర సర్వే నెలరోజులు నడవాలని అందులోనే రాయించండి.

పెద్దచెరువు_గట్టు

అందరికీ దండాలు. ఆఖరిది ఒక్కటి. మహబూబ్‌నగర్ 2025లో కార్పొరేషన్ అయింది కదా, ఇప్పుడు సంతకం కలెక్టర్‌దా, కమిషనర్‌దా?

తుంగభద్ర_తీరం

2025 సవరణ చట్టం కార్పొరేషన్ ఉన్న పెద్ద నగరాలకు పట్టణ విపత్తు నిర్వహణ సంస్థ పెట్టుకునే వీలు ఇచ్చింది. కమిషనర్ అధ్యక్షుడు, కలెక్టర్ ఉపాధ్యక్షుడు. అది రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి ఏర్పాటు చేస్తేనే ఉన్నట్టు. ఏర్పాటు కాని చోట కలెక్టర్ అధ్యక్షతన జిల్లా సంస్థే ఇస్తుంది, అదే ఎత్తేస్తుంది. సూత్రం తేలిక: ఎవరు ఏ సెక్షన్ కింద ఇచ్చారో వాళ్లే ఆ సెక్షన్ రాసి రద్దు చేయాలి. మీ వార్డు నుంచి అర్జీ పెట్టేటప్పుడు పాత ఉత్తర్వుల నంబర్లు, తేదీలు ఒక పేజీలో వరుసగా రాసి, పక్క గడిలో "రద్దు / కొనసాగింపు / సమీక్ష తేదీ" అని ఖాళీ వదిలి ఇవ్వండి. సెక్షన్ క్లర్కు దాన్నే డ్రాఫ్టుగా పెట్టుకోగలడు.

ఎంబీ_పేజీ

ఆ పేజీలో జేసీబీలు, ట్రాక్టర్ల రిజిస్ట్రేషన్ నంబర్లకు కూడా ఒక గడి పెట్టు అన్నా. విడుదల గంట అందులోనే రావాలి.